ఆరో తరగతి బ్యాగులో రెండు ప్యాడ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

మీ ఇంట్లో ఐదో తరగతి ముగించి జడ్పీ హైస్కూలుకు వెళ్లబోయే ఆడపిల్ల ఉంటే, ఈ కాసేపు రేడియో శబ్దం కొంచెం పెంచండి. పిల్ల పక్కనే ఉంటే ఇంకా మంచిది, పంపేయకండి.

మొదటి నెలసరి ఎక్కువమందికి 10 నుంచి 15 ఏళ్ల లోపు, సగటున 12, 13 ఏళ్లకు వస్తుంది. ఫలానా రోజని ఎవరూ చెప్పలేరు. కానీ ఒళ్లు ముందుగానే గుర్తులు చూపిస్తుంది. రొమ్ములు మొగ్గ తొడిగాక సుమారు రెండు, రెండున్నర ఏళ్లకు నెలసరి మొదలవుతుంది. ఈలోగా పిల్ల గబగబా పొడుగు సాగుతుంది. ఇక ఆరు నెలలో ఏడాదో ఉందనగా లోదుస్తులకు తెల్లటి మరక అంటడం మొదలవుతుంది. దురద, చెడు వాసన లేకపోతే అది జబ్బు కాదు. ఉతికేటప్పుడు ఆ మరక కనబడిందంటే ఇక వాయిదా వేయకండి.

మన వైపు చాలా ఇళ్లలో పిల్ల పెద్దమనిషి అయ్యాకే ఆ సంగతి మాట్లాడతారు. అప్పటికి పిల్ల భయపడటం కూడా అయిపోయి ఉంటుంది. పైగా మొదటిసారి వచ్చేది ఎర్రగా ఉండకపోవచ్చు. తుప్పు రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో రెండు మూడు చుక్కలు కనబడతాయి. తెలియని పిల్ల బట్టల్లోనే దొడ్డికి అయిందేమో అనుకుని ఎవరికీ చెప్పకుండా సాయంత్రం దాకా అలాగే కూర్చుంటుంది. అందుకే రంగు సంగతి తప్పకుండా చెప్పాలి. మిగతాది రెండు మాటల్లో చెప్పొచ్చు: "గర్భసంచిలో నెలనెలా ఒక పొర పెరుగుతుందమ్మా. బిడ్డ లేనప్పుడు దాంతో పని ఉండదు కాబట్టి రక్తంతో కలిసి బయటికి వచ్చేస్తుంది. దెబ్బ తగిలి కాదు, నువ్వు ఏ తప్పూ చేయలేదు." రెండు నుంచి ఏడు రోజులు ఉంటుందనీ, అన్ని రోజులూ కలిపినా పోయే రక్తం మామూలుగా 30, 40 మిల్లీలీటర్లే, అంటే టీ గ్లాసులో సగం లోపేననీ చెప్పండి. ఆ కొలత వింటే పిల్లకు సగం భయం పోతుంది.

అసలు పని చేతులతో నేర్పడం. సెలవు రోజున ఒక ప్యాకెట్ విప్పి కూర్చోండి. ప్యాడ్ వెనక కాగితం పీకితే జిగురు ఉంటుంది. ఆ జిగురు వైపు డ్రాయరుకు అంటాలి, మెత్తటి వైపు ఒంటికి ఉండాలి. చెప్పకపోతే తిరగేసి పెట్టుకునే పిల్లలు నిజంగానే ఉన్నారు. ప్యాడ్‌కు రెండు పక్కలా ఉండే రెక్కల మీది చిన్న కాగితం తీసి, వాటిని డ్రాయరు అంచుల కిందికి మడవాలి. ఆ కాగితం తీయడం మరిచిపోతే నడుస్తుంటే ప్యాడ్ పక్కకు జరిగిపోతుంది. డ్రాయరు వదులుగా ఉన్నా, తడిగా ఉన్నా జిగురు నిలవదు. కాబట్టి ఒంటికి పట్టి ఉండే కాటన్‌వి నాలుగైదు ముందే కొనండి. ప్యాడ్ మరీ ముందుకు పెడితే బెంచీ మీద కూర్చున్నప్పుడు వెనక మరక పడుతుంది. పడుకునేటప్పుడైతే ఇంకొంచెం వెనక్కి జరపాలి. పగలు మామూలు సైజు చాలు, రాత్రికి పొడవైనది వాడాలి. భయంతో ఒకదాని మీద ఒకటి రెండు పెడుతుంటారు. లాభం లేదు, పై ప్యాడ్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర కింది దానికి తడి చేరనివ్వదు.

తర్వాత చిటికెడు కుంకుమ కలిపిన నీళ్లు రెండు చెంచాలు దాని మీద పోసి, ఎలా పీల్చుకుంటుందో చూపించండి. ఇంకోటి ఇచ్చి, ఒక పూట పెట్టుకుని ఇంట్లో తిరగమనండి. వాడినదాన్ని చుట్టి, కాగితంలో పొట్లం కట్టి చెత్తబుట్టలో వేయడం కూడా అప్పుడే చేయించాలి. మరుగుదొడ్డిలో వేస్తే లోపల తడి పీల్చే జెల్ ఉబ్బి గొట్టం మూసుకుపోతుంది. మార్చే ముందూ తర్వాతా చేతులు కడగాలి. కడుక్కోవడం ముందు నుంచి వెనక్కి, నీళ్లతోనే.

బడి సంచి సంగతి. జిప్పున్న చిన్న పర్సులో రెండు ప్యాడ్లు, ఒక డ్రాయరు, పాత పేపరు ముక్కలు, ఒక ప్లాస్టిక్ కవరు, చిన్న సబ్బు ముక్క. ఇంతే. ఎప్పుడూ బ్యాగు లోపలి అరలోనే ఉండాలి. నెలకోసారి తీసి చూడండి, పుస్తకాల ఒరిపిడికి ప్యాడ్ల కవరు చిరిగితే మార్చేయండి. జన ఔషధి దుకాణాల్లో సువిధ ప్యాడ్ ఒకటి రూపాయికే దొరుకుతుంది. 2021 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో స్వేచ్ఛ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు 7వ తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లని లెక్క పెట్టారు. 6వ తరగతిలోనే పెద్దమనిషి అయ్యే పిల్లలూ ఉంటారు కదా! మీ బడిలో ఏ తరగతి నుంచి ఇస్తున్నారో, ఏ టీచరమ్మ దగ్గర ఉంటాయో వెళ్లి అడగండి. ఆ టీచరమ్మను పిల్లకు చూపించి రండి.

ఉదయం 8కి బస్సెక్కి సాయంత్రం 5కి ఇల్లు చేరే పిల్లకు బయట తొమ్మిది గంటలు. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. అంటే మధ్యాహ్నం అన్నం బెల్లు అప్పుడు మార్చక తప్పదు. ఎండాకాలంలో చెమటకు ఇంకా ముందే మార్చాలి, లేకపోతే తొడలు ఒరుసుకుని దద్దుర్లు లేస్తాయి. బడి మరుగుదొడ్లో నీళ్లు లేకపోతే పిల్లలు మార్చుకోవడం మానేస్తారు. అక్కడికి పోకూడదని పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా తాగరు, దాంతో మూత్రంలో మంట పట్టుకుంటుంది. తలుపుకు గడియ, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట, ఈ మూడూ ఉన్నాయా అని పేరెంట్స్ మీటింగులో అడిగే హక్కు మనకుంది. అడగండి.

ఒకవేళ దగ్గర ప్యాడ్ లేకపోతే శుభ్రమైన కర్చీఫ్ మడిచి పెట్టుకుని టీచరు దగ్గరికి వెళ్లాలి. మరక పడితే చన్నీళ్లతో ఉతకాలి. వేణ్నీళ్లు పోస్తే రక్తం గుడ్డకు పట్టేస్తుంది.

ఇంట్లో బట్ట వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. నెల్లూరు, ఒంగోలు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. అప్పుడు చాటున వేసిన గుడ్డ ఆరదు, చెమ్మగా ఉన్నది కడితే దురద పుడుతుంది. ఆ నెలల్లో ఇస్త్రీ చేసి ఇవ్వండి, లేదా ప్యాడ్లే కొనండి.

కనిగిరి వైపు అమ్మానాన్నలు బేల్దారి పనికి హైదరాబాద్ పోతే, పిల్ల అవ్వ దగ్గర ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. అవ్వకు ప్యాడ్ పెట్టడం తెలియకపోవచ్చు. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరికీ కలిపి చూపించి వెళ్లండి. ఇంట్లో తండ్రి ఒక్కడే ఉంటే తండ్రే చెప్పొచ్చు.

పిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి పెట్టండి, మంచి తిండే. దాంతోపాటు గుడ్డు, చేప, ఆకుకూర మానిపించకండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు లేదు. వేడుక చేయాలో వద్దో మీ ఇష్టం, ఫ్లెక్సీ కట్టే ముందు మాత్రం పిల్లను అడగండి. తొమ్మిది, పదకొండు రోజులు బడి మానిపించడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. కడుపునొప్పి ఉంటే వేడినీళ్ల సంచి పెట్టండి, తగ్గకపోతే డాక్టరును అడిగి మాత్ర వేయండి.

మొదటి ఏడాది, రెండేళ్లు తేదీ కుదురుగా ఉండదు. 21 రోజులకు రావచ్చు, 45 రోజులకు రావచ్చు. గోడ క్యాలెండరు మీద తేదీకి సున్నా చుట్టడం పిల్లకే అప్పజెప్పండి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతుంటే, ఏడు రోజులు దాటినా ఆగకపోతే, మూడు నెలలు దాటినా మళ్లీ రాకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. 8 ఏళ్లు నిండకముందే రొమ్ములు మొదలైనా, 13 నిండినా మొదలు కాకపోయినా, 15 నిండినా నెలసరి రాకపోయినా డాక్టరుకు చూపించాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ముందు మీ ఊరి ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో అడగండి.