మ్యాక్‌లో ఓపెన్‌ఆఫీస్ కుదురుకున్న కథ

శ్రోతలందరికీ నమస్కారం. ఒక సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో తెరుచుకుంటే చాలు, పని అయిపోయినట్టేనని అనుకుంటూ ఉంటాం. తెరుచుకోవడం వేరు, ఆ కంప్యూటర్ పద్ధతులన్నీ తెలిసినట్టు నడుచుకోవడం వేరు. ఈ రెండింటికీ మధ్య ఎంత చాకిరీ ఉంటుందో ఓపెన్‌ఆఫీస్ మ్యాక్‌కి వచ్చిన తీరు చూస్తే బాగా తెలుస్తుంది, అందుకే ఈరోజు దాని గురించి మాట్లాడతాను.

జర్మనీలో స్టార్ డివిజన్ అనే కంపెనీ స్టార్‌ఆఫీస్ తయారుచేసేది. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, ప్రెజెంటేషన్లు అన్నీ అందులోనే చేసుకోవచ్చు. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొని, 2000 అక్టోబర్ 13న దాని సోర్స్ కోడ్‌ని, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ని, అందరికీ ఇచ్చేసింది. అలా పుట్టిన ఓపెన్‌ఆఫీస్ 2002లో 1.0గా విడుదలైంది. విండోస్ వాళ్లకీ లినక్స్ వాళ్లకీ ఇబ్బంది లేదు, మ్యాక్ వాళ్లకి మాత్రం అది ఎక్స్11 మీదుగానే దొరికింది.

ఎక్స్11 అంటే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే కంప్యూటర్లలో విండోలు చూపించడానికి 1980లలో తయారైన వ్యవస్థ. లినక్స్ యూనిక్స్ తరహాదే, అప్పటి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్ ఓఎస్ టెన్ లోపల ఉన్నది కూడా యూనిక్సే కాబట్టి, ఎక్స్11 పెట్టుకుంటే లినక్స్ కోసం రాసిన కోడ్‌నే దాదాపు అలాగే నడిపించవచ్చు. నడిపించారు కూడా. కానీ మ్యాక్‌లో మెనూ ఎప్పుడూ స్క్రీన్ పైన ఉంటుంది, ఇక్కడ విండో లోపల ఉండేది. అన్ని ప్రోగ్రాముల్లో కాపీకి కమాండ్ కీ నొక్కే చెయ్యి ఇక్కడికి రాగానే కంట్రోల్ వెతుక్కోవాలి. ఫాంట్లు, ప్రింటింగ్ కూడా మ్యాక్ పద్ధతిలో కాకుండా వేరేగా ఉండేవి.

ఇవన్నీ అలవాటు మీద ఆధారపడినవే కదా, సర్దుకుపోతే సరిపోతుంది అని వాదించేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే కళ్లు కనిపించనివాళ్ల కోసం మ్యాక్‌లో వాయిస్‌ఓవర్ ఉంది, స్క్రీన్ మీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. ఎక్స్11 విండోలో ఏముందో దానికి తెలియదు. అంటే ఒక మనిషికి చికాకు అనిపించేది ఇంకో మనిషికి తలుపే మూసేస్తుంది. ఉచితంగా, అందరికోసం అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్‌కి ఇది చిన్న లోపం కాదు.

మరి మ్యాక్ కోసం నేరుగా రాసేయొచ్చు కదా? ఇక్కడే అసలు కష్టం. ఓపెన్‌ఆఫీస్ తన బటన్లనీ మెనూలనీ వీసీఎల్ అనే సొంత పొర ద్వారా గీసుకుంటుంది. పైనున్న లక్షల లైన్ల కోడ్‌కి కింద ఏ కంప్యూటర్ ఉందో తెలియనవసరం లేదు, ఆ సంగతంతా వీసీఎల్ చూసుకుంటుంది. కాబట్టి మ్యాక్‌కి తేవాలంటే వీసీఎల్ అడుగుభాగాన్ని కొత్తగా కట్టాలి. వీసీఎల్ కొలతలు పైన ఎడమ మూల నుంచి మొదలవుతాయి, మ్యాక్ గ్రాఫిక్స్ వ్యవస్థ క్వార్ట్జ్‌లో కింద ఎడమ మూల నుంచి. ప్రతి గీతనీ తిరగేసి లెక్కపెట్టుకోవాలి. ఏదైనా బొమ్మని లాగుతున్నప్పుడు కనిపించే అంచు కోసం పాత కోడ్ రంగుల్ని తలకిందులు చేసే ఎక్సార్ పద్ధతి వాడేది, క్వార్ట్జ్‌లో అది లేనే లేదు, కాబట్టి అది ఉన్నట్టుగా పనిచేసే కోడ్ విడిగా రాసుకోవాల్సి వచ్చింది. వీటన్నిటికంటే మొండి సమస్య ఇంకొకటి: కీ నొక్కారా, మౌస్ కదిలిందా అని ఎదురుచూసే పని ఓపెన్‌ఆఫీస్ తానే చేస్తాననేది, మ్యాక్‌లో కోకో అనే వ్యవస్థ ఆ పని నాది అంటుంది, పైగా విండోలకు సంబంధించినదంతా ప్రధాన థ్రెడ్‌లోనే, అంటే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల వరుసల్లో మొదటిదానిలోనే, జరగాలంటుంది. ఒకే బండికి ఇద్దరు డ్రైవర్లు అన్నమాట. వీళ్లిద్దరికీ రాజీ కుదర్చకపోతే ప్రోగ్రామ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది.

ఈ పనంతా అయ్యేదాకా ఆగలేక ప్యాట్రిక్ లూబీ, ఎడ్వర్డ్ పీటర్లిన్ వేరే దారి పట్టారు. రకరకాల కంప్యూటర్లలో నడిచే జావా అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థ మ్యాక్‌లో అప్పటికే బాగా నడుస్తోంది కాబట్టి దాని మీదుగా ఓపెన్‌ఆఫీస్‌ని మ్యాక్‌కి అతికించి నియోఆఫీస్ తెచ్చారు. ఎక్స్11 లేకుండా, మెనూ ఉండాల్సిన చోట ఉండి, 2005 నాటికే మామూలు మనుషులు వాడుకునేలా తయారైంది. కొందరు దీన్ని అడ్డదారి అన్నారు. నాకైతే అది న్యాయంగా అనిపించదు, కొన్నేళ్లపాటు ఎంతోమందికి పని గడిచింది దానితోనే. కాకపోతే లైసెన్సు దగ్గర చిక్కు వచ్చింది. నియోఆఫీస్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉండేది, సన్ ప్రాజెక్టు నియమాలు వేరు, కాబట్టి ఆ కోడ్ తిరిగి అసలు ప్రాజెక్టులోకి వెళ్లలేకపోయింది. రెండూ ఓపెన్ సోర్సే అయినా ఒకరి కష్టం ఇంకొకరికి అక్కరకు రాకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇటు అసలు ప్రాజెక్టులో వాలంటీర్లు కొద్దిమందే ఉండి, ఓపిగ్గా వీసీఎల్ కింద పొరని కడుతూ వచ్చారు. 2007 మేలో సన్ తన ఇంజనీర్లని ఆ పనిలో పెట్టింది. జీతం తీసుకుని రోజంతా అదే పనిలో ఉండేవాళ్లు చేరితే పని ఎంత వేగం అందుకుంటుందో అప్పుడు కనిపించింది. 2008 అక్టోబర్ 13న, కోడ్ బయటపెట్టి సరిగ్గా ఎనిమిదేళ్లు నిండిన రోజున, ఓపెన్‌ఆఫీస్ 3.0 విడుదలైంది. ఎక్స్11 అక్కర్లేదు. కమాండ్ కీ పనిచేస్తోంది, వాయిస్‌ఓవర్ చదువుతోంది. ఆ రోజు డౌన్‌లోడ్ చేసుకోవడానికి జనం ఎగబడి వాళ్ల వెబ్‌సైట్ కాసేపు నిలబడలేకపోయింది.

తర్వాత 2010లో సన్ ఒరాకిల్ చేతికి వెళ్లింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో చాలామంది విడిపోయి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు, ఆ మ్యాక్ కోడ్ కూడా వాళ్లతో పాటే వెళ్లింది. 2020లో ఆపిల్ తన సొంత చిప్‌లకు మారడంతో కొత్త చిప్‌కి తగ్గట్టు మళ్లీ పని మొదలైంది. ఇప్పుడు లిబ్రేఆఫీస్ మ్యాక్‌కి రెండు రకాలుగా దొరుకుతుంది, ఇంటెల్‌కి ఒకటి, ఆపిల్ సిలికాన్‌కి ఒకటి. పొరపాటున ఇంటెల్‌ది పెట్టుకున్నా రోజెట్టా అనే అనువాదకుడి సాయంతో తెరుచుకుంటుంది కాబట్టి తేడా తెలియకపోవచ్చు. ఆపిల్ మెనూలో అబౌట్ దిస్ మ్యాక్ నొక్కి చిప్ ఏదో చూసుకుని, దానికి సరిపోయేదే పెట్టుకోండి. నమస్కారం.