వచ్చింది పనికి, ఉండిపోయింది దేనికి?

శ్రోతలకు నమస్కారం.

పల్లె నుంచి హైదరాబాదు వచ్చినవాళ్లు ఇక్కడే ఎందుకు ఉండిపోతారంటే, కూలి ఎక్కువ కదా అనేస్తాం. రావడానికి ఆ కారణం చాలు. ఉండిపోవడానికి చాలదు. పాలమూరు కూలీలనే చూడండి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలివాళ్లకు అప్పజెప్పి, దూరప్రాంతాల్లో ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోశారు. వానలు పడగానే చాలామంది మళ్లీ ఊరి బాట పట్టేవారు. కూలి ఎక్కడుంటే అక్కడికి తిరిగారే గానీ అక్కడ కాపురం పెట్టలేదు.

ఇప్పుడు కూకట్‌పల్లిలో ఏదో ఒక అపార్ట్‌మెంట్ సెల్లారులోకి తొంగి చూద్దాం. మెట్ల పక్కన ఒక్క గది, కిరాయి లేదు. ఆయన వాచ్‌మన్, ఆమె పై ఫ్లాట్లలో అంట్లు తోముతుంది. ఊళ్లో ఆమెకు నాట్లప్పుడు, కలుపులప్పుడు మాత్రమే కూలి. ఇక్కడ నెల తిరిగేసరికి డబ్బు ఆమె చేతికే వస్తుంది, చిట్టీ కూడా కడుతుంది. ఊరికి పోదామని ఆయన అన్నప్పుడల్లా, "పిల్ల పదో తరగతి కానీయ్" అంటుంది. పదయ్యాక ఇంటరు వస్తుంది. నన్నడిగితే, ఈ నిర్ణయం ముప్పాతిక మువ్వీసం ఆమెదే. పైగా 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచీ మన దగ్గర కాలేజీ సీట్లకు స్థానికత ప్రధానంగా చదివిన చోటును బట్టే లెక్క. తండ్రి ఇంకా ఊరివాడే, కూతురు మాత్రం కాగితాల మీద ఎప్పుడో ఇక్కడిదైపోయింది.

కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మే 1న, లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు వలస కూలీలను ఊళ్లకు చేర్చే శ్రామిక్ రైలు, దేశంలోనే మొదటిది, కదిలింది. ఎక్కినవాళ్లు చాలావరకు నిర్మాణ కూలీలు. భార్యాబిడ్డలు, బడి, రేషను అన్నీ ఊళ్లోనే ఉన్నవాడికి పని ఆగితే ఇక్కడ ఇంకేముంది?

ఇక జాగా సంగతి. బస్తీలో అరవై గజాల్లో రేకుల ఇల్లు వేసుకున్నవాళ్లకు పట్టా మీదే ధ్యాస. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో, సర్కారు భూమిలో 125 గజాల లోపు ఇళ్లున్న పేదలకు ఉచితంగా క్రమబద్ధీకరణ అంది. అందరికీ అందిందా అన్నది వేరే ప్రసంగం. కానీ ఆ ఆశ ఉన్న మనిషి బస్తీ వదలడు.

అలాగని ఊరితో తెగతెంపులూ చేసుకోరు. ఎకరమో అరెకరమో ఉంటే కౌలుకిస్తారు గానీ అమ్మరు. ఓటు చాలామందికి అక్కడే. కూతురి పెళ్లి పత్రికలో ఊరి పేరే అచ్చు వేయిస్తారు, పెళ్లి మాత్రం బోరబండ ఫంక్షన్ హాల్లో చేస్తారు. ఊరివాళ్లంతా బస్సు మాట్లాడుకుని వస్తారు.