అశోక పట్ట పేరిట అమ్ముతున్నదేమిటి?

వేదికపైనున్న ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థినులకు నమస్కారం. వనమహోత్సవం కదా, ఔషధ మొక్కల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క అశోకం గురించే చెబుతాను. ఆడవాళ్ల మందుల్లో దానికున్నంత పేరూ, దానికి జరిగినంత అన్యాయమూ మరో చెట్టుకు లేవని నా నమ్మకం.

నెలసరిలో అధిక రక్తస్రావాన్ని ఆయుర్వేదం అసృగ్దరమంది. దానికి అశోక పట్టను, అంటే బెరడును, పాలలో కాచి ఇవ్వడం, బెల్లం, ధాతకీ పువ్వులు చేర్చి పులియబెట్టి అశోకారిష్టంగా వాడడం తరతరాల పద్ధతి. ఇప్పుడు అదే మందును హార్మోన్ల సమతుల్యత పేరుతో, అండాశయాల సమస్య పీసీఓఎస్ మొదలు థైరాయిడ్ దాకా అన్నింటికీ సరిపోతుందన్నట్టు అమ్ముతున్నారు. అంత మాట అనడానికి తగిన రుజువు లేదు.

అసలు ఆ సీసాలోది అశోకమేనా? మీ గేటు దగ్గర నిటారుగా బారులు తీరిన చెట్లను మీరు అశోక చెట్లంటున్నారు. అవి నరమామిడి చెట్లమ్మా! సీతాఫలం కుటుంబానివి, వాటి పూలు లేతాకుపచ్చ. అసలు అశోకం చింత, తంగేడుల కుటుంబానిది. గుబురుగా పెరిగి కొమ్మలకే అంటుకున్నట్టు నారింజ, ఎరుపు గుత్తులు పూస్తుంది, లేత చిగుళ్లు రాగిరంగులో వేలాడతాయి. ఒక నర్సరీలో నేను అశోకం అడిగితే నరమామిడి మొక్కలిచ్చి, ఇదే అశోకమని నాతోనే వాదించారు. అదే ఊరి మూలికల కొట్లో అశోక పట్టగా తూచి ఇస్తున్నదీ నరమామిడి పట్టే. అది తాగి రక్తస్రావం తగ్గుతుందని నెలల తరబడి ఎదురుచూసే తల్లి గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. మార్కెట్లోని నమూనాల్లో చాలావరకు అసలు అశోకం కాదని డీఎన్ఏ పరీక్షలు కూడా చూపాయి.

అసలు అశోక పట్ట కొరతకు కారణముంది. చుట్టూ పట్ట వలిచేస్తే చెట్టు చచ్చిపోతుంది. పడమటి కనుమల్లో సహజంగా పెరిగే ఈ చెట్టు అపాయంలో ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ గుర్తించింది.

అమ్మాయిలూ, ఒక్క మాట వినండి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా ఏ అశోకారిష్టం కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, మీ అమ్మలనూ తీసుకెళ్లండి. గర్భిణులు వైద్యుల సలహా లేకుండా ఈ మందును ముట్టకూడదు.

ప్రిన్సిపాల్ గారూ, ఈరోజు నాటే మొక్కల్లో అశోకం ఉంటే నీడా తేమా ఉన్న చోటు చూపించండి, లేత మొక్క మండుటెండకు తట్టుకోలేదు. కొనేటప్పుడు బిల్లు మీద దాని శాస్త్రీయ నామం ‘సరాకా అశోక’ అని రాయించుకోండి. రాయనంటే ఆ మొక్క తీసుకోకండి.