ఆరంగుళాల గుమ్మం: షికాగో చలిలో వీధి పిల్లులకి గూళ్లు

హోస్ట్: నమస్తే అండీ. షికాగో శివార్లలో ఉండే తెలుగువాళ్ల కోసం చేస్తున్న మన పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. నవంబర్ వచ్చేసింది. హాలోవీన్ గుమ్మడికాయలు చెత్తలోకి పోయాయి, మంచు పారలు గరాజ్ ముందుకొచ్చాయి. ఈసారి మనతో ఉన్న అక్క షామ్‌బర్గ్‌లో ఉంటారు. వాళ్ల వీధి చివర అపార్ట్‌మెంట్ల వెనక బతికే పిల్లుల గుంపుని చాలా ఏళ్లుగా చూసుకుంటున్నారు. చలికాలం వస్తుందంటే వాటికి గూళ్లు కడతారు, కట్టడం ఎలాగో మిగతావాళ్లకి నేర్పుతారు. నమస్తే అక్కా.

అక్క: నమస్తే తమ్ముడూ. గుమ్మడికాయల మాట ఎత్తావు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతా. హాలోవీన్‌కి అలంకరణగా ఇళ్ల ముందు గడ్డి మోపులు పెడతారు చూడు, ఈ రోజుల్లో అవన్నీ రోడ్డు పక్కన పడేస్తుంటారు. వానకి తడవని మోపు కనబడితే ఆ ఇంటివాళ్లని అడిగి తెచ్చుకోండి. ఒక్క మోపుతో చాలా గూళ్లు నిండుతాయి.

హోస్ట్: గడ్డే ఎందుకు? ఇళ్లల్లో పాత దుప్పట్లు, తువ్వాళ్లు బోలెడు ఉంటాయి కదా.

అక్క: అందరూ ముందు అవే తెస్తారు, ప్రేమతోనే తెస్తారు. కానీ ఈ చలిలో దుప్పటి పిల్లికి చేటే చేస్తుంది. అది మంచులో తిరిగి తడికాళ్లతో వచ్చి పడుకుంటుంది. దాని ఊపిరిలోనూ తేమ ఉంటుంది. బట్ట ఆ తడంతా పీల్చుకుంటుంది, రాత్రికి గడ్డకడుతుంది, ఇక తెల్లారేదాకా పిల్లి ఒంట్లో వేడిని లాగేస్తూనే ఉంటుంది. గడ్డి అలా కాదు. గోధుమ గింజ రాల్చాక మిగిలే కాడలు లోపల బోలుగా ఉంటాయి. అంత తేలిగ్గా నీళ్లు పీల్చవు, గాలిని పట్టి ఉంచుతాయి. పిల్లి అందులోకి తొలుచుకుని పోయి ముడుచుకుంటే చుట్టూ గడ్డి మూసుకుంటుంది.

హోస్ట్: పెట్ స్టోర్‌లో కుందేళ్లకని అమ్ముతారే, ఆ గడ్డి పనికొస్తుందా?

అక్క: వద్దు. అది మేత. ఆకుతో మెత్తగా, పచ్చపచ్చగా ఉంటుంది. తేమ పట్టి బూజొస్తుంది. మనకి కావాల్సింది పసుప్పచ్చగా, గరగరలాడే కాడలు. వరిగడ్డి చూసిన చేతులకి పట్టుకోగానే తేడా తెలిసిపోతుంది. మా అమ్మ తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చినప్పుడు గరాజ్‌లో పీట వేసుకుని కూర్చుంది. మోపు విప్పి, గుప్పెడు గుప్పెడు తీసి విదిలించి, ముద్దకట్టినవి వేళ్లతో విడదీసి, దుమ్ము రాలాక టబ్‌లో పొరలు పొరలుగా పరిచింది. ఒత్తి కుక్కకూడదు, దూరడానికి సందుండాలి అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. గడ్డివాముల్లో పిల్లులు ఈనడం చూస్తూ పెరిగిన మనిషి. మనవాళ్లలో చాలామంది పెద్దవాళ్ల చేతుల్లో ఈ పనితనం ఉంది. ఇక్కడికొచ్చి ఏమీ తోచక కూర్చున్న అమ్మానాన్నలకి ఈ పని ఇచ్చి చూడండి, ఎంత ఇష్టంగా చేస్తారో.

హోస్ట్: చాలా బాగుందక్కా. అయితే గూడు ఎంత పెద్దదిగా కట్టాలి?

అక్క: పెద్దదిగా కట్టకూడదు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. పిల్లి ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. ఆ గూట్లో ఉండే కుంపటి అదొక్కటే. గూడు చేయాల్సిందల్లా ఆ వేడిని బయటికి పోనివ్వకపోవడం, తడిని లోపలికి రానివ్వకపోవడం. ఎవరో పెద్ద కుక్కల ఇల్లు ఇస్తామంటారు. అందులో ఉన్న గాలంతా ఒక్క పిల్లి ఎక్కడ వెచ్చబెడుతుంది? 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు ఉంటే రెండు మూడు పిల్లులకి సరిపోతుంది. ఎక్కువ పిల్లులుంటే చిన్న గూళ్లే ఇంకొన్ని కట్టండి. పడనివి ఉంటాయి, ఒకటి ఇంకొకదాన్ని రానివ్వదు. విడివిడిగా ఉంటేనే అన్నిటికీ చోటు దొరుకుతుంది.

హోస్ట్: ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదనుకోండి. ఒక గూడు కట్టించండి.

అక్క: సరే. 30 గ్యాలన్లు, లేదా అంతకంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ టబ్ ఒకటి, మూతతో సహా. ముదురు రంగుదైతే మంచిది, ఎవరి కంటా పడదు. అందులో దూరేలా ఇంకో చిన్న టబ్. ఇవి కాక ఇళ్లకి వేసే అంగుళం మందం ఫోమ్ బోర్డు. హోమ్ డిపోలో దొరుకుతుంది. బోర్డుని కొలిచి కోసి పెద్ద టబ్ అడుగున ఒక ముక్క, నాలుగు పక్కలా నాలుగు ముక్కలు బిగుతుగా దించాలి. మధ్యలో చిన్న టబ్ పెట్టి, దాని నెత్తిన ఇంకో ఫోమ్ ముక్క వేసి పెద్ద మూత బిగించాలి. ఆ పై ముక్కని చాలామంది వదిలేస్తారు. వేడి పైకే కదా పోయేది, అది తప్పనిసరి.

హోస్ట్: లోపలి టబ్ దేనికి?

అక్క: పిల్లి గోళ్లకి ఫోమ్ ఆగదు. గీరి గీరి పొడి చేసేస్తుంది. లోపలి టబ్ దాన్ని కాపాడుతుంది. ఇంత పని చేయలేనివాళ్లకి ఇంకో దారి ఉంది. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందులు పోస్టులో థర్మాకోల్ పెట్టెల్లో వస్తాయి. మందపాటి గోడలుంటే ఆ పెట్టెకే గుమ్మం కోసి, గడ్డి నింపి, మూతకి టేపు చుట్టేస్తే చాలు. ఫార్మసీలో పనిచేసే మనవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లని అడగండి, పారేసే పెట్టెలే.

హోస్ట్: గుమ్మం మాట చెప్పండి.

అక్క: ఆరంగుళాలు. అటూ ఇటూ ఆరే. మనకి చూడ్డానికి చాలదేమో అనిపిస్తుంది. తల పట్టిందంటే పిల్లి ఒళ్లు దూరిపోతుంది. ఇంకా పెద్దగా కోస్తే రకూన్‌లు, అదే రాత్రిపూట తిండి కోసం తిరిగే ఇక్కడి అడవి జంతువులు, వచ్చి కాపురం పెడతాయి, చలిగాలీ ఎక్కువ దూరుతుంది. గుమ్మాన్ని పొడుగు గోడకి ఒక మూలగా కోయాలి, నడిమధ్యన కాదు. అప్పుడు పిల్లి లోపలికొచ్చి పక్కకి తిరిగి అవతలి మూలలో పడుకుంటుంది, గాలి తిన్నగా తగలదు. గడప నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తున ఉండాలి, లేకపోతే వాన చిందులు, కరిగిన మంచు లోపలికొస్తాయి. కోసేటప్పుడు ఒక జాగ్రత్త. గట్టి ప్లాస్టిక్ చలికి పెళుసెక్కి ఫట్‌మని పగులుతుంది. కోయబోయే గీత వెంబడి హెయిర్ డ్రైయర్ పెట్టి కాసేపు వేడిచేసి, అప్పుడు బ్లేడు దించాలి. కోసిన అంచు మెడకి గీసుకోకుండా టేపు మడిచి అంటించాలి.

హోస్ట్: గుమ్మానికి తెరలాంటిది?

అక్క: మొదట్లో వద్దు. మనిషంటే భయపడే పిల్లి లోపల ఏముందో కనబడకపోతే దూరదు. అలవాటయ్యాక కావాలంటే పల్చటి రబ్బరు ముక్క వేలాడదీయొచ్చు. దానికంటే గుమ్మాన్ని గోడ వైపు తిప్పి, మధ్యలో పిల్లి పట్టేంత సందు వదలడం నయం. గాలీ ఆగుతుంది, వీధి కుక్క మూతి పెట్టడానికీ వీలుండదు. గూడు నేల మీద పెట్టకండి. కింద ఇటుకలో, చెక్క ప్యాలెట్టో ఉండాలి. వెనకవైపు ఒక పలక ఎత్తు పెడితే, ఒకవేళ నీళ్లొచ్చినా గుమ్మంలోంచి బయటికి జారిపోతాయి. ఖాళీ టబ్ చాలా తేలిక, గాలికి పల్టీ కొడుతుంది, మూత మీద బరువు పెట్టండి.

హోస్ట్: ఇక్కడి చలికి ఈ మాత్రం ఆగుతుందా? 2019 జనవరి 30 నాకు బాగా గుర్తు. మైనస్ 23 ఫారెన్‌హీట్, సెల్సియస్‌లో దాదాపు మైనస్ 30. స్కూళ్లు, చాలా ఆఫీసులు మూసేశారు.

అక్క: ఆ చలిలో బయటున్న ఏ ప్రాణికీ హామీ ఇవ్వలేం. అలాంటి రాత్రి గరాజ్ తలుపు కింద కాస్త సందు వదలగలిగితే వదలండి. కానీ పొడిగా ఉన్న గడ్డి, చిన్న గూడు, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన. ఈ మూడూ ఉంటే చాలా చలి దాటిస్తాయి. తడిసిన పిల్లి మాత్రం మంచు పడని రోజు కూడా చచ్చిపోవచ్చు. అందుకే నేను వెచ్చదనం కంటే ముందు పొడి గురించే అడుగుతా. చలి కొరికిన చెవులు ఎప్పుడైనా చూశావా? ముందు పాలిపోతాయి, తర్వాత నల్లబడి అంచులు తోలులా ఎండి రాలిపోతాయి. తోక కొస కూడా అంతే. మా గుంపులో ఒక ముసలి బూడిదరంగు పిల్లి ఉంది, దానికి రెండు చెవులూ గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. ఏ గూడూ లేని రోజుల్లో అది ఎక్కడ పడుకుందో ఆ చెవులే చెబుతాయి.

హోస్ట్: అలా చలికి పడిపోయిన పిల్లి కనబడితే ఏం చేయాలి?

అక్క: రుద్దకూడదు. గడ్డకట్టిన చర్మాన్ని రుద్దితే ఇంకా పాడవుతుంది. పొడి తువ్వాలు చుట్టి, గోరువెచ్చటి నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడమే.

హోస్ట్: తిండీ నీళ్లూ ఆ గూట్లోనే పెడతారా?

అక్క: గూట్లో నీళ్లు అస్సలు వద్దు. ఒలికితే మనం చేసిందంతా వృథా. తిండి పెడితే రకూన్‌లు వస్తాయి. రెండూ కాస్త ఎడంగా పెట్టండి. చలికాలంలో వాటికి దాహంతోనే ఎక్కువ ఇబ్బంది, ఎటు చూసినా మంచే కానీ తాగే నీళ్లుండవు. గిన్నె లోతుగా, మూతి సన్నగా, నల్లరంగు ప్లాస్టిక్‌ది ఎంచుకుని ఎండ పడేచోట పెట్టండి, ఆలస్యంగా గడ్డకడుతుంది. లోహపు గిన్నె వద్దు, నాలుక అంటుకుంటుంది. కరెంటు అందేచోటైతే వేడిచేసే గిన్నెలు దొరుకుతాయి, అవి చాలా మేలు. పొడి తిండి గడ్డకట్టదు కాబట్టి అదే పెట్టండి. చలికి ఒంట్లో శక్తి ఎక్కువ ఖర్చవుతుంది, కాస్త ఎక్కువే పెట్టండి. పాలు పోయకండి, చాలా పెద్ద పిల్లులకి అరగవు. రోజూ ఒకే వేళకి పెడితే అవి ఆ వేళకే వస్తాయి, గిన్నె గడ్డకట్టేలోపు తినేసి పోతాయి.

హోస్ట్: పొద్దున కారు తీసేటప్పుడు బానెట్ మీద కొట్టమంటారు కదా.

అక్క: తప్పకుండా. వేడి ఇంజిన్ పక్కన దూరి పడుకుంటాయి. రెండు దెబ్బలు కొట్టి, ఒక క్షణం ఆగి, అప్పుడు స్టార్ట్ చేయండి. హైదరాబాద్‌లోనైనా ఇంతే. ఇంకోటి, రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుంది. అందులో ఉండేది ఎథిలీన్ గ్లైకాల్ అనే విషం. గరాజ్‌లో కొంచెం కారినా పిల్లి నాకితే కిడ్నీలు పోతాయి. చుక్క పడితే వెంటనే తుడిచేయండి.

హోస్ట్: గూళ్లు కట్టి, తిండి పెడితే పిల్లులు పెరిగిపోవా? పక్కింటివాళ్లు అడిగేది ఇదే.

అక్క: వాళ్లు అడిగేది న్యాయమే. ఆపరేషన్ చేయించకుండా తిండి మాత్రమే పెడితే నిజంగానే పెరిగిపోతాయి. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, రెండు నెల్ల పైచిలుకులో ఈనేస్తుంది. అందుకే బోనులో పట్టి, ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి తిరిగి అక్కడే వదులుతాం. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస కొంచెం తీసేస్తారు, దూరం నుంచి చూసినా దీనికి అయిపోయిందని తెలియడానికి. షికాగో ఉన్న మన కుక్ కౌంటీలో 2007లోనే దీనికి ఆర్డినెన్స్, అంటే స్థానిక చట్టం, వచ్చింది. ఏదో ఒక సంస్థ కింద నమోదు చేసుకుని పిల్లుల గుంపుని చూసుకోవచ్చు. షికాగో ఊళ్లోకెళ్తే ట్రీ హౌస్ అనే పిల్లుల సంస్థవాళ్లు ఉన్నారు, తిరిగి పాత చోటికి పోలేని పిల్లుల్ని ఎలుకల బెడద ఉన్న చోట్లకి పంపే కార్యక్రమం నడుపుతారు. పగళ్లు పొడుగయ్యేకొద్దీ పిల్లులు ఎదకొస్తాయి. కాబట్టి ఆపరేషన్లకి ఈ చలికాలమే అదను. కాకపోతే పొట్ట మీద బొచ్చు గీస్తారు కదా, ఆడవాటిని ఇంకొన్ని రోజులు లోపల ఉంచుకుని పంపాలి.

హోస్ట్: పక్షుల్ని చంపేస్తాయనే మాట కూడా ఉంది.

అక్క: ఉంది, అందులో నిజం ఉంది. వసంతంలో, శరదృతువులో ఈ మిషిగన్ సరస్సు ఒడ్డునే ఎన్నో వలస పక్షులు పోతాయి. పిల్లులు వాటిని పడతాయి. నేను పక్షుల్ని ప్రేమించేవాళ్లతో వాదించను. పిల్లుల సంఖ్య తగ్గాలనేది వాళ్లూ నేనూ ఇద్దరం కోరేదే. మీ ఇంట్లో పెంచుకునే పిల్లిని దయచేసి ఇంట్లోనే ఉంచండి. బయట పుట్టి, మనిషి చేతికి లొంగని పిల్లిని మాత్రం ఇంట్లో పెట్టలేం. దాని పిల్లలు పుట్టకుండా చూసి, అది బతికినన్నాళ్లు చలికి చావకుండా చూద్దాం.

హోస్ట్: మన ఊళ్లలో వినేవాళ్లకి ఏం చెబుతారు?

అక్క: ఆదిలాబాద్, లంబసింగి లాంటి చోట్ల చలి బాగానే ఉంటుంది, అక్కడ గడ్డి పెట్టె పెట్టొచ్చు. మిగతా చోట్ల చలి కంటే వానాకాలం గడ్డు. పిల్లలేసిన పిల్లి తడిసిపోతుంది. ఫోమ్ బోర్డులు అక్కర్లేదు, ఎత్తు మీద ఒక పెట్టె, నీళ్లు దిగని కప్పు, వరిగడ్డి చాలు. ఎండాకాలంలో నీళ్లు మాత్రం మర్చిపోవద్దు.

హోస్ట్: ఒక శ్రోత రాశారు. గూడు పెట్టి వారం దాటిందట, ఒక్క పిల్లీ రావట్లేదట.

అక్క: వస్తుంది. అవి రోజూ తిరిగే దారిలో పెట్టారా, మనకి వీలైన చోట పెట్టారా చూసుకోమనండి. గుమ్మం దగ్గర తిండి గిన్నె కొన్నాళ్లు పెట్టి, తర్వాత మెల్లగా జరపాలి. గడ్డి మీద కాస్త క్యాట్‌నిప్, అదే పిల్లులు ఇష్టపడే వాసనున్న ఆకు, చల్లొచ్చు. టార్చి వేసి తొంగిచూడ్డం, మూత ఎత్తడం మానేయాలి. ఒక్కసారి బెదిరితే మళ్లీ ఆ గూటి దరిదాపులకి రాదు. మంచు పడ్డ మర్నాడు దూరంగా నిలబడి అడుగుజాడలు చూస్తే తెలిసిపోతుంది. గుమ్మం ముందు మంచు పేరుకుంటే మాత్రం పారతో తీసి దారి చేయండి, లోపల ఉన్నది బయటికి రాలేదు. గడ్డి తడిగా, నల్లగా అయితే మార్చేయండి. మార్చి చివర్లో అంతా తీసి మొక్కల పాదుల్లో వేసుకోవచ్చు.

హోస్ట్: అక్కా, మా గరాజ్‌లో రెండు పెద్ద టబ్‌లు ఖాళీగా ఉన్నాయి. మా అపార్ట్‌మెంట్ల వెనక కూడా మూడు పిల్లులు తిరుగుతున్నాయి.

అక్క: వాటి చెవులు చూశావా?

హోస్ట్: లేదక్కా, చూడలేదు.

అక్క: ముందు అది చూడు. కొస తీసిలేని పిల్లి ఉంటే బోను నేనిస్తా, ఆపరేషన్‌కి అపాయింట్‌మెంట్ తీసుకుందాం. శనివారం పొద్దున టబ్‌లు పట్టుకుని రా, గడ్డి నా దగ్గర ఉంది. బాక్స్ కట్టర్‌కి కొత్త బ్లేడు కొనుక్కొచ్చుకో.