తడి తగలని తెర

(నల్లగొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నిరుడు వానాకాలంలో నా మడత ఫోన్ జేబులోంచి జారి బండ మీద పడింది. అంచున వెంట్రుకంత బీట. పనిచేస్తోంది కదా అని పట్టించుకోలేదు. వారానికి అక్కడ ఆవగింజంత నల్ల మచ్చ తేలింది, పక్షం తిరిగేసరికి పెసరగింజంత అయింది. క్లాక్ టవర్ దగ్గర రిపేరు చేసే తమ్ముడు "డిస్‌ప్లే మొత్తం మార్చాల్సిందే సార్" అని రేటు చెప్పాడు. నాకు చెమటలు పట్టాయి.

మడతపెట్టి మడతపెట్టి పాడైందేమో అనుకున్నారు ఇంట్లోవాళ్లు. కాదు, తడి తాగింది.

నా ఫోన్ తెర ఓఎల్‌ఈడీ, అంటే కరెంటు ఇస్తే తానే వెలిగే కర్బన పొరల తెర. 1987లో ఫోటో ఫిల్ముల కంపెనీ కోడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ రెండు పలుచని కర్బన పొరలను ఎలక్ట్రోడ్ల మధ్య పెట్టి, 10 వోల్టుల లోపే వెలుగు రప్పించారు. పొరే వెలుగుతుంది కాబట్టి వెనక వేరే లైటు అక్కర్లేదు. అందుకే ఓఎల్‌ఈడీని ఇంత పలుచగా చేయగలుగుతున్నాం. పలుచగా ఉంటే వంగుతుంది. అర మిల్లీమీటరు మందమున్న రేకును 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే పైభాగం దాదాపు 8 శాతం సాగాలి. గాజు అంత సాగదు, పగులుతుంది. మందం పదో వంతుకు తగ్గిస్తే సాగేది 0.8 శాతమే. ఇక గాజు బదులు పాలీఇమైడ్ ప్లాస్టిక్ వాడతారు. ముందు గాజు పలక మీద దాన్ని పూతగా పూసి, దాని మీద పనంతా పూర్తిచేసి, చివర్లో లేజర్ కొట్టి గాజును ఊడదీస్తారు.

చిక్కంతా ఇక్కడే. గాజు నీటి ఆవిరిని రానివ్వదు, ప్లాస్టిక్ రానిస్తుంది. ఆవిరి చేరితే లోపలి లోహపు పొర ఆక్సీకరణ చెంది అక్కడ వెలుగు పోతుంది. నా మచ్చ అదే. అందుకే అకర్బన పొర, కర్బన పొర ఒకదానిమీదొకటి వేసి తెరను మూసేస్తారు. చదరపు మీటరుకు రోజుకు గ్రాములో పది లక్షల వంతు ఆవిరి మాత్రమే దూరాలని లెక్క. అంటే గ్రాము నీరు దూరడానికి 2,700 ఏళ్లు! నీళ్ల కోసం బోర్లమీద బోర్లు వేసిన జిల్లాలో నిలబడి ఈ మాట చెబుతుంటే నాకే నవ్వొస్తోంది.

ఇక స్పష్టత. చేనేత ఊరు పుట్టపాకలో చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగులద్దిన నూలును మగ్గం మీద పేర్చడం చూసే ఉంటారు. పడుగు ఒక్క పోగు జరిగితే పువ్వు అంచు మసకబారుతుంది. చీరకు ఆ మసకే అందం. ప్యానెల్‌లో మాత్రం అది తప్పు. అంగుళానికి 400 పిక్సెళ్లంటే ఒక్కోదానికి దక్కేది 0.06 మిల్లీమీటర్లే, అందులోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం సర్దాలి. సన్నని చిల్లుల లోహపు రేకు అడ్డుపెట్టి, రంగు పదార్థాన్ని ఆవిరి చేసి అద్దుతారు. వేడికి రేకు సాగితే రంగులు కలిసిపోతాయి. అందుకని వేడికి దాదాపుగా సాగని ఇన్వార్ వాడతారు. ఇనుములో 36 శాతం నికెల్ కలిపిన లోహం అది. చిల్లులు చిన్నవి కావాలంటే రేకు ఇంకా పలుచనవ్వాలి, పలుచనైతే తన బరువుకు తానే నడుమ జారుతుంది. ఇదింకా తెగని పంచాయితీ.

ఆ పాత ప్యానెల్ తెచ్చాను. ముందు బెంచీ నుంచి అందరికీ పంపండి. అంచు పట్టుకోండి, మచ్చ మీద నొక్కకండి.