మెటలా, నైలానా? రిమోట్ ట్రక్కు ముందు ఆర్మ్‌ల మీద బరంపురంలో వాదన

(బరంపురంలోని ఒక కేబుల్ స్టూడియోలో జరిగిన తెలుగు చర్చకు ఇది రాతప్రతి. మాట మీద మాట పడిన చోట్లు అలాగే ఉంచాను. నేనూ ఈ ట్రక్కులు నడిపేవాడినే, అందుకని ఎవరి మాటనూ నున్నగా చెక్కలేదు.)

నిర్వాహకుడు: అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం ఊరి బయట మైదానంలో రిమోట్‌తో నడిపే ఒక చిన్న బొమ్మ ట్రక్కు మట్టిగుట్ట మీంచి ఎగిరి, పక్కనున్న రాయికి కొట్టుకుంది. ముందు చక్రం ఊడి ఒక కుర్రాడి మోకాలి కింద తగిలింది. రెండు కుట్లు పడ్డాయి. ఆ సాయంత్రమే, మెటల్ ఆర్మ్‌లు, అంటే చక్రాన్ని బండికి కలిపే చేతులు, బిగించిన బండ్లను ఇక రానివ్వమని అక్కడి పెద్దలు చెప్పేశారు. అది సరా, తప్పా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. నా ప్రశ్న మాత్రం ఒకటుంది. ఈ పార్టులు మన ఊళ్లోనే చేసుకోలేమా? మేస్త్రిగారూ, మీరు మొదలెట్టండి.

మేస్త్రి: ముప్పై ఏళ్లుగా లేత్ మీద ఉన్నానండి. ఆ ట్రక్కుకున్న ఆర్మ్ నేను చేసిందే, దాచేదేం లేదు. ఇదిగో (సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు), అదే ఆర్మ్. ఎక్కడైనా చీలిందా? వంగిందా? లేదు! విరగని పార్టును ముద్దాయిని చేస్తే ఎలాగండీ?

విద్యార్థిని: అది విరగలేదు కాబట్టే...

మేస్త్రి: ఉండమ్మా, పూర్తి చెయ్యనీ. కంపెనీ ప్లాస్టిక్ ఆర్మ్ నెలకొకటి పోతోందని కుర్రాళ్లే నా దగ్గరికి వచ్చారు. నేనేం ఎవరి వెంటా పడలేదు.

నిర్వాహకుడు: అంటే స్థానికంగా డిమాండ్ ఉందన్నమాట.

మేస్త్రి: ఎందుకు లేదూ! బయట నుంచి తెప్పిస్తే వారాలు పడుతుంది, కస్టమ్స్ అదనం.

నిర్వాహకుడు: ఇది ముఖ్యమైన పాయింటు. అమ్మా, నువ్వు చెప్పు.

విద్యార్థిని: నేనూ ఒకటి తెచ్చానండి. అదే ట్రక్కులో ఆర్మ్‌ను పట్టుకునే బల్క్‌హెడ్ ఇది. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తారా? పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా ఉండాలి. ఇక్కడ చింతగింజలా సాగిపోయింది. పక్క గోడ అడుగుదాకా చీలింది. చీలిక అంచున తెల్లగా పాలిపోయిన గీత కనిపిస్తోందా? ప్లాస్టిక్ సాగి సాగి తెగిన చోటు అలాగే ఉంటుంది. రాయి దెబ్బను ఆర్మ్ ఏమాత్రం మింగలేదు, మొత్తం లోపలికి పంపించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

మేస్త్రి: అయితే బల్క్‌హెడ్ కూడా మెటల్‌ది వెయ్యాలి!

విద్యార్థిని: వేస్తే చాసీ, అంటే బండి అడుగు ఫ్రేమే పోతుంది. మేస్త్రిగారూ, ట్రాక్టరు వెనక గుంతలు తవ్వే మిషనుకు షియర్ బోల్టు ఎందుకు పెడతారు?

మేస్త్రి: రాయి తగిలితే గేర్‌బాక్స్ పోకుండా బోల్టు తెగడానికి.

విద్యార్థిని: తెగిందని దాని బదులు గట్టి హైటెన్సిల్ బోల్టు వేస్తారా?

మేస్త్రి: అది వేరు, ఇది వేరమ్మా. అక్కడ బోల్టు పది నిమిషాల్లో మార్చేస్తాం. ఇక్కడ ఆర్మ్ పోతే కుర్రాడి ఆదివారం పోయినట్టే.

విద్యార్థిని: రెండు పిన్నులు, కుదుపులు మింగే షాక్‌కు ఒక స్క్రూ. ఆర్మ్ కూడా పది నిమిషాల పనే. బల్క్‌హెడ్ మార్చాలంటేనే ముందు భాగం మొత్తం విప్పాలి.

నిర్వాహకుడు: ఆ పది నిమిషాల్లో మార్చే ఆర్మ్ మన దగ్గరే తయారైతే ఎలా ఉంటుంది?

విద్యార్థిని: బాగుంటుందండీ, కానీ దేనితో చెయ్యాలన్నది కదా ముందు తేలాలి...

దుకాణదారు: నాకూ కాస్త అవకాశం ఇవ్వండి. మాది జయపురం. నా దగ్గర అసలు బండిలో పదో వంతు సైజు బండ్లే ఎక్కువ. ట్రాక్సస్ కంపెనీ స్లాష్ అనే ట్రక్కు 2008లో వచ్చింది, ఇప్పటికీ అదే అడుగుతారు. ఆ బండికి ఆర్‌పీఎం అనే కంపెనీ వాళ్ల నైలాన్ ఆర్మ్‌లు పేరుపడ్డవి. దెబ్బ తగిలితే వంగి మళ్లీ యథాస్థానానికి వస్తాయి. కానీ సెమిలిగూడ వైపు జనవరి పొద్దున్న చలికి నైలాన్ బిగుసుకుంటుంది. అప్పుడు పుటుక్కున విరిగినవీ చూశాను.

మేస్త్రి: విన్నారా! నేను చెప్పేదీ అదే!

దుకాణదారు: కాదు మేస్త్రిగారూ, పూర్తిగా వినండి. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది. బాగా ఎండిన నైలాన్ పెళుసుగా ఉంటుంది, తేమ పట్టినది సాగుతుంది. అందుకే చాలామంది కొత్త ఆర్మ్‌లను బిగించే ముందు నీళ్లలో ఉడకబెడతారు...

మేస్త్రి: ఏటండీ ఇది? పార్టును బంగాళాదుంపలా ఉడకబెట్టాలా? మెటల్‌కు ఈ బాధే లేదు. ఎండలోనూ అదే, చలిలోనూ అదే.

(ఇక్కడ మేస్త్రి దాదాపు నాలుగు నిమిషాలు ఆపకుండా మాట్లాడారు. మిల్లింగ్ కట్టర్ల గురించి, కరెంటు కోతల గురించి, లేత్ పని నేర్చుకునే కుర్రాళ్లు దొరకడం లేదన్న దాని గురించి. చివరి మాట నిజమే, దానికి వేరే చర్చ పెట్టాలి. నిర్వాహకుడు ఒక్కసారి కూడా ఆపలేదు.)

నిర్వాహకుడు: చూశారా, చేసే చెయ్యి మన దగ్గరే ఉంది! పర్లాకిమిడి నుంచి ఫోన్ వచ్చింది. చెప్పండి.

ఫోన్‌లో శ్రోత: మేం గోపాల్‌పూర్ బీచ్‌లో నడుపుతామండి. ఆర్మ్‌లకు ఏమీ కాలేదు. వాటిలో దూరే ఉక్కు పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతున్నాయి. బేరింగులు గరగరమంటున్నాయి.

దుకాణదారు: ఉప్పు ఇసుక కదా. ఇంటికెళ్లగానే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బేరింగుకు చుక్క నూనె వెయ్యండి. పిన్నులు స్టెయిన్‌లెస్‌వి మార్చండి. షాక్ విప్పి ఆర్మ్‌ను పైకెత్తి వదలండి. తన బరువుకు తనే కిందికి జారాలి. మధ్యలో ఆగిందంటే పిన్ను వంగిందనో, తుప్పు పట్టిందనో అర్థం.

విద్యార్థిని: ఇది చాలా మంచి మాటండీ. సగం బండ్లలో ఆర్మ్ మారుస్తారు గానీ వంగిన పాత పిన్నునే మళ్లీ దూరుస్తారు. ఉక్కు కావలసింది పిన్నులకు. అల్యూమినియం వెయ్యాలంటే ముందు పిన్నులను కలిపి పట్టే టై బార్‌కు, బేరింగు కూర్చునే స్టీరింగ్ బ్లాకుకు వేసుకోవచ్చు. ఆర్మ్, బంపర్ మాత్రం వంగే గుణమున్న నైలాన్‌వే...

మేస్త్రి: అంటే మెటల్ మంచిదేనని ఒప్పుకున్నట్టేగా!

విద్యార్థిని: కొన్నిచోట్ల అన్నానండీ. మీరు వాడిన అల్యూమినియం ఏ గ్రేడు?

మేస్త్రి: మార్కెట్లో దొరికే మంచి దిమ్మ. గట్టిదే.

విద్యార్థిని: 6061-టీ6 అనే గ్రేడు దాదాపు 276 మెగాపాస్కల్స్ ఒత్తిడి దగ్గర శాశ్వతంగా వంగడం మొదలవుతుంది. 7075-టీ6 అయితే 500 దాకా ఆగుతుంది. ఏది వాడామో తెలియకుండా...

మేస్త్రి: ఆ రెండోది తెప్పించండి, చేసి పెడతా! ఐదు వందలంటోంది అమ్మాయి. ఇంకేం కావాలండీ?

విద్యార్థిని: అదింకా గట్టిది కాబట్టి దెబ్బ ఇంకా లోపలికి...

నిర్వాహకుడు: రెట్టింపు బలం! మన బరంపురంలోనే!

విద్యార్థిని: వేగం సంగతి కూడా వినండి. బ్రష్‌లెస్ అనే ఎక్కువ వేగం మోటారు పెట్టి వేగం రెట్టింపు చేస్తే దెబ్బ నాలుగింతలవుతుంది. బండి రెండు కిలోల పైనే ఉంటుంది. మనం అడగాల్సింది ఏది విరగకూడదు అని కాదండీ, ఏది ముందు విరగాలి అని. ఆ కుర్రాడికి తగిలింది చక్రం ఒక్కటే కాదు. బ్లాకుతో, ఆర్మ్‌తో సహా ఎగిరొచ్చింది. ఆ ఆర్మ్ ఇప్పుడు ఈ బల్ల మీదే ఉంది.

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు.)

మేస్త్రి: ఆ కుర్రాడిని చూడ్డానికి నేనూ వెళ్లానమ్మా. వాడు మా వీధివాడే. కానీ ఆ తప్పు నా ఆర్మ్‌ది కాదు. జనాన్ని అంత దగ్గర నిలబెట్టినవాళ్లది.

దుకాణదారు: అందులో నిజముంది. అక్కడ కనీసం తాడు కూడా కట్టలేదు.

నిర్వాహకుడు: నైలాన్ రాడ్డు తెచ్చి లేత్ మీద ఆర్మ్‌లు చెయ్యలేమా మేస్త్రిగారూ?

మేస్త్రి: ఎందుకు చెయ్యలేం? చేస్తాం. కానీ మెటల్ ఉండగా అదెందుకు?

విద్యార్థిని: అదే చెయ్యండి మేస్త్రిగారూ! నేను కొలతలు గీసిస్తాను, పిన్ను రంధ్రం చుట్టూ మందం కాస్త పెంచి...

నిర్వాహకుడు: సమయం అయిపోతోంది. మేస్త్రిగారూ, చివరగా మీ మాట.

మేస్త్రి: నిషేధం ఎత్తేయాలి. ఆ 7075 తెప్పించండి. పదేళ్లయినా చెక్కు చెదరని పార్టు చేసిస్తాను. పిల్లలు ఎవరైనా సరే, షాపుకు రండి.

నిర్వాహకుడు: మంచి మాట చెప్పారు. మన ఊరి చేతిపని మీద నమ్మకం పెట్టుకుందాం. వచ్చేవారం...

విద్యార్థిని: ఒక్క నిమిషమండీ, ఈ బల్క్‌హెడ్‌ను ఇంకొక్కసారి కెమెరాకు...

(ప్రసారం ఇక్కడ ఆగింది.)