స్లాబు మీది వాన మోరీలోకే ఎందుకు పోవాలి?

అందరికీ నమస్కారం. రోహిణి కార్తె ఎండలో, అదీ ఆదివారం పూట, నీళ్ల ముచ్చటంటే ఇంతమంది వస్తారనుకోలేదు. కమిటీవాళ్లు నన్ను ఇంకుడు గుంతల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను కానీ చివర్లో, ఎందుకంటే గుంతలోకి వదలకముందే ఆ నీళ్లను ఇంట్లో వాడుకోవచ్చు, మన దగ్గర ఆ మాటే తక్కువ వినిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద గజాల స్లాబు అంటే సుమారు 84 చదరపు మీటర్లు. ఆరుద్రలో 20 మిల్లీమీటర్ల వాన ఒకటి కొట్టిందనుకోండి, 1,680 లీటర్లు. స్లాబు పీల్చేది, ఆవిరయ్యేది, అటూ ఇటూ చిందేది 20 శాతం తీసేసినా 1,300 లీటర్ల పైనే మిగులుతుంది. అంటే వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు కింద పెట్టి పైపు కలిపితే ఒక్క వానకే నిండి పొర్లుతుంది, మోటారు వెయ్యకుండానే.

ఇప్పుడు అవన్నీ ఎటు పోతున్నాయి? పైపులోంచి మోరీలోకి, మోరీలోంచి నాలాలోకి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు నాలా కబ్జాలను తిట్టుకున్నాం, తిట్టాల్సిందే, కానీ ఆ వరదలో మన స్లాబుల వాటా కూడా ఉంది. అలాగని డ్రమ్ములు పెడితే వరదలు ఆగుతాయని నేను చెప్పను. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, దాని ముందు మన ట్యాంకులు ఏపాటివి! నేను చెప్పేది మామూలు వానల సంగతి.

ఇంకోటి, మన కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు పైనున్న మొరంలో, రాతి పగుళ్లలో మాత్రమే నిలుస్తాయి. అందుకే గణపతిదేవుడి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో, పాకాల, రామప్ప లాంటి చెరువులు తవ్వి నీళ్లను పైనే ఆపారు. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోయేలా గొలుసుకట్టు కట్టారు. ఇంట్లోనూ అదే వరస పెట్టమంటాను: ముందు ట్యాంకు, అది పొర్లితే గుంత. మీరు గుంతలో పోసిన నీళ్లు మీ బోరులోకే వస్తాయని రాతి నేలలో ఎవరూ హామీ ఇవ్వలేరు, పగులు పక్కింటి వైపు ఉంటే అటే పోతాయి. పోతే పోనీ, పక్కింటివాళ్లూ మనవాళ్లే, కానీ ట్యాంకులో పట్టుకున్నవి మాత్రం కచ్చితంగా మీవి.

చేసే పని పెద్దదేం కాదు. మృగశిరకు ముందే మేడ ఊడ్చి కడగండి. మన దగ్గర కోతులున్నాయి, పావురాలున్నాయి, మిగతాది నేను చెప్పక్కర్లేదు. మొదటి వాన నీళ్లు పట్టొద్దు, పూర్తిగా వదిలేయండి. ఆ తర్వాత కూడా ప్రతి వానలో మొదట దిగే వంద లీటర్ల దాకా పక్కకు పోయేలా పైపుకు ఒక టీ జాయింటు (మూడు మూతులది), దాని కింద వాల్వు పెట్టించండి. ట్యాంకు మూతి దగ్గర సన్నటి జాలీ కట్టాలి, మూత బిగుతుగా ఉండాలి. డెంగీ దోమ మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో ఆ గుడ్లు దోమలై లేస్తాయి, కాబట్టి మూత లేని డ్రమ్ము పెట్టేకంటే పెట్టకపోవడమే నయం. ట్యాంకును బకెట్ పట్టేంత ఎత్తు దిమ్మె మీద పెట్టండి, లేకపోతే నల్లా కింద చెంబు కూడా దూరదు.

ఇక దేనికి వాడాలంటే, ముందు బట్టలకు. బోరు నీళ్లతో సబ్బు నురగ రాదు, బకెట్లకు తెల్లటి పొర కడుతుంది, వాన నీళ్లలో ఆ ఉప్పులు దాదాపు ఉండవు. గూన పెంకుల ఇళ్లలో ఆడవాళ్లు చూరు కింద గంగాళాలు ఊరికే పెట్టలేదు. అంట్లకు, బాత్‌రూములకు, మొక్కలకు వాడండి. తాగడానికి మాత్రం వద్దు. నల్లా నీళ్లు వస్తున్నప్పుడు ఆ రిస్కు మనకెందుకు? సిమెంటు రేకుల మీంచి, కొత్తగా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసిన స్లాబు మీంచి పట్టినవైతే వంటకు కూడా వద్దు.

సరే, గుంత. చాలా ఇళ్లలో అది పర్మిషన్ కోసం ప్లాన్‌లో గీసిందే, బయట చూస్తే వాకిలంతా టైల్సు! తవ్వితే ఒకటిన్నర మీటర్ల చదరం, రెండు మీటర్ల లోతు మామూలు ఇంటికి సరిపోతుంది. అడుగున పెద్ద రాళ్లు, పైన 40 ఎంఎం కంకర, ఆ పైన 20 ఎంఎం, అన్నిటికన్నా పైన ఇసుక. పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా తవ్వండి, స్నానాల నీళ్లు అందులోకి వదలొద్దు. పై ఇసుకను ఏటా తీసి కడగకపోతే మట్టి పట్టి మూసుకుపోతుంది. పాత చేదబాయి ఉన్నవాళ్లు దయచేసి చెత్తతో పూడ్చకండి, స్లాబు నీళ్లను వడగట్టి అందులోకే వదలండి.

ప్లంబర్‌ను ఇప్పుడే పిలవండి, వానలు మొదలయ్యాక దొరకరు. ఇక మీరు అడగండి, ముందు ఆ వెనక చెయ్యెత్తిన అక్క.